ఎముకలను తొలిచే మజ్జార్బుదం - మల్టిపుల్ మైలోమా

యాభై సంవత్సరాలు దాటినవారికి నడుము నొప్పి వచ్చినప్పుడు మన ఇళ్లలో మొట్టమొదట వినవచ్చే మాట "వాతం". వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం, మహానారాయణ తైలంతో మర్దనం, రాత్రివేళ శొంఠి కలిపిన పాలు, అప్పటికీ తగ్గకపోతే మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్ర. ఈ క్రమం అందరికీ తెలిసినదే. అత్యధిక సంఖ్యాకులకు ఈపాటి ఉపచారంతోనే బాధ ఉపశమిస్తుంది. అయితే నడుము నొప్పులన్నీ ఒకే కోవకు చెందినవి కావు. బహు కొద్దిమందిలో ఆ నొప్పి వారాలు గడిచినా తగ్గదు. కదిలినప్పుడల్లా హెచ్చుతుంది. దానికి తోడు ముఖం పాలిపోవడం, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, దాహం, మలబద్ధకం, మూత్రంలో నురుగు, మాటిమాటికీ జ్వరమో, న్యుమోనియానో పలకరించడం జరుగుతుంది. ఇవన్నీ వేర్వేరు జబ్బులని తలచి ఒక్కొక్కదానికి ఒక్కొక్క మందు వాడుతూ నెలలు గడిపివేస్తారు. కాని వీటన్నిటికీ మూలం ఎముకల లోపలి మూలుగలో ఉండవచ్చును. ఆ వ్యాధి పేరు మల్టిపుల్ మైలోమా. తెలుగులో చెప్పుకోవాలంటే మజ్జార్బుదం అనవచ్చు.

ఆయుర్వేదం సప్తధాతువులలో అస్థిని అయిదవదిగా, మజ్జను ఆరవదిగా పేర్కొన్నది. అర్బుదాలను గురించి సుశ్రుతాచార్యులు వివరించారు. అంతమాత్రాన ఫలానా శ్లోకంలో ఉన్నది ఈ వ్యాధియేనని పట్టుబట్టడం పాండిత్య ప్రదర్శనే అవుతుంది గాని రోగికి దానివలన ఒరిగేదేమీ లేదు. సూక్ష్మదర్శిని లేకుండా ఈ వ్యాధిని గుర్తించడం ఎవరికీ సాధ్యం కాదు.

వ్యాధి స్వరూపం

మూలుగలో రక్తకణాలు తయారవుతాయని మనకు తెలుసు. అక్కడే ప్లాస్మా కణాలనేవి కూడా కొద్ది సంఖ్యలో ఉంటాయి. ఆరోగ్యవంతుని మూలుగలో ఇవి నూటికి అయిదుకు మించవు. శరీరంలోకి ప్రవేశించిన క్రిములను ఎదుర్కొనే ప్రతిరక్షకాలను, అనగా యాంటీబాడీలను, తయారుచేయడం వీటి పని. ఒక్కొక్క ప్లాస్మా కణ వంశం ఒక్కొక్క రకం ప్రతిరక్షకాన్ని తయారు చేస్తుంది. వేలాది రకాల శత్రువులకు వేలాది రకాల ఆయుధాలు అన్నమాట. వీటిలో ఏదో ఒక కణం అదుపు తప్పి తన సంతతిని విపరీతంగా పెంచుకుంటూ పోతే, ఆ సంతతి అంతా ఒకే అచ్చులో పోసినట్లు ఒకే రకం ప్రొటీనును రక్తంలోకి గుమ్మరిస్తుంది. దీనిని ఎం-ప్రొటీను అంటారు. ఇది ఏ క్రిమినీ చంపదు, ఎందుకూ పనికిరాదు. పనికివచ్చే ప్రతిరక్షకాలు మాత్రం తగ్గిపోతాయి. కనుకనే రోగికి అంటువ్యాధులు సులభంగా సోకుతాయి.

ఎముక అంటే రాయి వంటి జడపదార్థమని చాలామంది భావిస్తారు. నిజానికి అది నిత్యం కూలుతూ, నిత్యం కట్టబడుతూ ఉండే ఇల్లు. కూల్చే కణాలు వేరు, కట్టే కణాలు వేరు. మైలోమా కణాలు కూల్చేవారిని రెచ్చగొట్టి, కట్టేవారి చేతులు కట్టివేస్తాయి. ఫలితంగా వెన్నుపూసలలో, పక్కటెముకలలో, కటి ఎముకలో, పుర్రెలో గుండ్రని తొర్రలు ఏర్పడతాయి. చిన్న బిందె వంగి ఎత్తినందుకే వెన్నుపూస కుంగిపోవడం, గట్టిగా దగ్గినందుకే పక్కటెముక విరగడం ఇందువల్లనే. కరిగిన ఎముకలోని కాల్షియం రక్తంలో చేరుతుంది. అది మితిమీరితే దాహం, అతిమూత్రం, మలబద్ధకం, వాంతులు, చివరకు మతిభ్రమణం, మగత కలుగుతాయి. "నాన్నగారు రెండు రోజులుగా ఏదేదో మాట్లాడుతున్నారు, వయసు మీద పడింది" అని ఊరకుండిపోయే సందర్భాలలో ఇది ఒకటి.

ఇక మూత్రపిండాలు. ఎం-ప్రొటీనులోని చిన్న ముక్కలు, వీటిని లైట్ చెయిన్లు అంటారు, మూత్రపిండాలలోని సన్నని నాళాలలో గడ్డకట్టి అడ్డుపడతాయి. కొందరిలో వ్యాధి బయటపడేదే కిడ్నీలు దెబ్బతిన్న తరువాత. మూలుగంతా దుష్టకణాలతో నిండిపోవడంతో ఎర్ర రక్తకణాల ఉత్పత్తి కుంటుపడి పాండురోగం వస్తుంది. ఐరన్ టానిక్కులు సీసాలకు సీసాలు తాగినా ఈ పాండురోగం తగ్గకపోవడానికి కారణం, లోపం ఇనుములో లేకపోవడమే.

ఈ వ్యాధి చరిత్ర ఆసక్తికరమైనది. 1845లో లండన్ నగరంలో ఒక వర్తకుడు తీవ్రమైన ఎముకల నొప్పితో బాధపడుతూ ఉండేవాడు. అతని మూత్రాన్ని వేడిచేస్తే ఒక పదార్థం విరిగి తేలేది, మరిగిస్తే కరిగిపోయేది, చల్లారిస్తే మళ్లీ కనిపించేది. వైద్యులు ఆ నమూనాను రసాయన పరీక్షలలో నిపుణుడైన హెన్రీ బెన్స్ జోన్స్‌కు పంపించారు. ఆయన పేరు మీదనే అది బెన్స్ జోన్స్ ప్రొటీనుగా ప్రసిద్ధి కెక్కింది. రోగి 1846 జనవరి 1న మరణించాడు. అతనికి అప్పటి వైద్యులు ఇచ్చినవి ఇనుము, క్వినైన్ వంటి బలవర్ధకాలు. మూత్రంలో దొరికిన ఆ పదార్థం కోసం నేటికీ పరీక్ష చేస్తూనే ఉన్నారు.

ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, రోగి బట్టలు ఉతికినా రాదు. సాధారణంగా వంశపారంపర్యంగా సంక్రమించదు కనుక పిల్లల పెళ్లి సంబంధాల విషయంలో ఈ మాట దాచిపెట్టవలసిన అగత్యమూ లేదు. పాశ్చాత్య దేశాలలో ఎక్కువగా డెబ్బయికి అటూ ఇటూ బయటపడుతుంది. మన దేశంలో దాదాపు పదేళ్లు ముందుగానే కనిపిస్తున్నది. అంటే ఉద్యోగం, పిల్లల చదువులు, ఇంటి అప్పు ఇంకా ముగియని వయసులో అన్నమాట.

ఎట్లా కనిపెడతారు?

మొదటి సూచన చాలాసార్లు మామూలు రక్తపరీక్షల కాగితంలోనే ఉంటుంది. ఇ.ఎస్.ఆర్. వంద దాటి ఉండటం, మొత్తం ప్రొటీను ఎక్కువగా ఉండి ఆల్బుమిన్ మాత్రం తక్కువగా ఉండటం, క్రియాటినిన్ పెరగడం, హిమోగ్లోబిన్ తగ్గడం చూసిన వైద్యుడు అనుమానించాలి. అటుపైన సీరం ఎలెక్ట్రోఫోరెసిస్, ఇమ్యునోఫిక్సేషన్, ఫ్రీ లైట్ చెయిన్ అనే పరీక్షలు చేయిస్తారు. ఎముక మూలుగ నుండి నమూనా తీసి చూస్తారు. అందులో ప్లాస్మా కణాలు నూటికి పది అంతకు మించి ఉండి, కాల్షియం, కిడ్నీ, రక్తహీనత, ఎముకలు అనే నాలుగింటిలో ఏ ఒక్కటి ఈ వ్యాధి వలన దెబ్బతిన్నా మైలోమాగా నిర్ధారిస్తారు. ఎముకలకు సి.టి., ఎం.ఆర్.ఐ. లేదా పెట్ స్కానింగు అవసరమవుతుంది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి, పాఠకులు గమనించగలరు. మూత్రంలో ప్రొటీను చూసే మామూలు పట్టీ పరీక్ష ఆల్బుమిన్‌ను పట్టుకుంటుంది గాని లైట్ చెయిన్లను పట్టుకోలేకపోవచ్చు. అట్లాగే ఇతర కాన్సర్లకు చేసే న్యూక్లియర్ బోన్ స్కాన్, ఎముకను కట్టే కణాల పనిని చూపేది గనుక, ఆ పని ఆగిపోయిన ఈ వ్యాధిలో "అంతా బాగుంది" అని చూపవచ్చు. ఈ రెండూ బాగున్నాయని నిశ్చింతగా ఉండరాదు.

కొందరికి ఏదో ఆరోగ్య తనిఖీలో కొద్దిపాటి ఎం-ప్రొటీను కనబడుతుంది, ఇతర బాధలేవీ ఉండవు. దీనిని ఎం.జి.యు.ఎస్. అంటారు. యాభై ఏళ్లు దాటిన నూరుగురిలో సుమారు ముగ్గురికి ఇది ఉంటుంది. ఏడాదికి నూటికి ఒకరి చొప్పున మాత్రమే మైలోమా వైపు లేదా తత్సంబంధ వ్యాధుల వైపు మళ్లుతారు. దీనికి మందు అవసరం లేదు, క్రమం తప్పని రక్తపరీక్ష చాలు. ఈ దశలో "కాన్సరు రాకుండా" అంటూ ఎవరేది అమ్మినా కొనవద్దని మనవి.

చికిత్స

ఒక తరం క్రితం మెల్ఫలాన్, ప్రెడ్నిసోలోన్ అనే రెండు మాత్రలే ఆధారం. రోగులలో సగంమంది మూడు సంవత్సరాలకు మించి జీవించేవారు కారు. ఈ పరిస్థితి మారడానికి కారణమైన మందు ఒక అపకీర్తి పాలైన మందు కావడం విశేషం. 1957లో జర్మనీలో నిద్రమాత్రగా బజారులోకి వచ్చిన థాలిడోమైడ్ వలన వేలాది శిశువులు చేతులు, కాళ్లు సరిగా ఏర్పడకుండా పుట్టారు. 1961లో దానిని ఉపసంహరించారు. అదే మందు మైలోమాపై పనిచేస్తుందని 1999లో అమెరికాలోని ఆర్కన్సాస్ వైద్యులు ప్రకటించారు. 2003లో బోర్టెజోమిబ్, 2006లో లెనాలిడోమైడ్, 2015లో డారాటుముమాబ్ అక్కడ అనుమతి పొందాయి. ఈనాడు వీటిలో రెండు మూడింటిని డెక్సామెథసోన్‌తో కలిపి ఇస్తారు. శరీరదార్ఢ్యం ఉన్నవారికి తరువాత వారి మూలకణాలనే తీసి భద్రపరచి, అధిక మోతాదులో మెల్ఫలాన్ ఇచ్చి, ఆ కణాలను తిరిగి ఎక్కిస్తారు. దాత కోసం వెదకవలసిన పని లేదు. రోగి రక్తంలోని కణాలకే శిక్షణ ఇచ్చి వ్యాధిమీదికి పంపే కార్-టి చికిత్స కూడా 2021 నుండి ఈ వ్యాధికి వచ్చింది గాని దాని ఖర్చు సామాన్యునికి అందేది కాదు.

వ్యాధి సమూలంగా పోతుందా అని అడిగితే, సాధారణంగా పోదనే చెప్పాలి. లొంగుతుంది, సంవత్సరాల తరబడి అణగి ఉంటుంది, మళ్లీ తలెత్తుతుంది, మరొక మందుతో మళ్లీ లొంగుతుంది. మధుమేహంతో కాపురం చేస్తున్నట్లే దీనితోనూ ఏడెనిమిది, పదేళ్లు, అంతకు మించి కాలం గడుపుతున్నవారు నేడు తక్కువేమీ కాదు.

ఇంట్లో చేయవలసినవి, చేయకూడనివి

ఈ పత్రిక పాఠకులకు ముఖ్యమైన భాగం ఇదే కనుక కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

ఎముకలు బలహీనపడ్డాయనగానే మనవారికి తోచేది కాల్షియం. అల్లోపతి మాత్రలు వద్దనుకున్నవారు ప్రవాళ భస్మం, శంఖ భస్మం, ముక్తాశుక్తి భస్మం, గోదంతి వాడతారు. పేర్లు వేరైనా ఇవన్నీ కాల్షియం లవణాలే. రక్తంలో కాల్షియం ఇప్పటికే పొంగిపొరలుతున్న రోగికి వీటినివ్వడం నిప్పులో నెయ్యి పోయడమే. విటమిన్ డి సూదిమందు కూడా అంతే, వైద్యుడు రక్తపరీక్ష చూసి ఇస్తే మేలు, సొంతంగా వేయించుకుంటే కీడు. అట్లాగని పాలు, పెరుగు, రాగిజావ, నువ్వులు మానవలసిన అవసరం లేదు. కాల్షియం హెచ్చుగా ఉన్న రోజులలో మాత్రం వైద్యుని అడిగి తీసుకోవాలి. నల్లేరు పచ్చడి రుచికి తింటే దోషం లేదు గాని, అది మైలోమా చేసిన తొర్రలను పూడ్చుతుందని నమ్మి చికిత్స మానుకోరాదు.

వాతానికి వాడే మహాయోగరాజ గుగ్గులులో శాస్త్రోక్తంగానే నాగభస్మం, అనగా సీసం, రససింధూరం, అనగా పాదరసం ఉంటాయి. మల్లసింధూరంలో పాషాణం ఉంటుంది. 2004లో అమెరికాలోని బోస్టన్ పరిసరాలలో అమ్ముడయ్యే ఆయుర్వేద ఔషధాలను పరీక్షించగా అయిదింట ఒకదానిలో సీసం గాని, పాదరసం గాని, ఆర్సెనిక్ గాని బయటపడ్డాయి. శోధన సరిగా జరిగిన భస్మానికి దోషం లేదని వాదించే వైద్యులు ఉన్నారు. ఆ వాదం ఎట్లా ఉన్నా, సీసం మూత్రపిండాలనూ, మూలుగనూ దెబ్బతీస్తుంది. ఈ వ్యాధిలో సగం చెడి ఉన్నవి ఆ రెండే. కనుక ఏ రసౌషధమూ ఈ రోగికి తగదని నా అభిప్రాయం.

మూలికల సంగతి. కూరలో వేసే పసుపు వేసుకోవచ్చు. గుళికలలో నింపి అమ్మే పసుపు సారం వేరు, అది కొందరి కాలేయానికి హాని చేసింది. తిప్పతీగ, అశ్వగంధ వాడినవారిలోనూ కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికలలో ప్రచురితమయ్యాయి. మైలోమా మందుల భారం మోస్తున్న కాలేయంతో ఈ ప్రయోగాలు వద్దు. బోర్టెజోమిబ్ సూదిమందు తీసుకునేవారు గ్రీన్ టీ మానాలి. అందులోని ఒక పదార్థం ఈ మందును పట్టుకొని పనిచేయనీయదని 2009లో ప్రయోగశాలలో తేలింది. అధిక మోతాదు విటమిన్ సి మాత్రలదీ ఇదే కథ. ఒక నిమ్మకాయ పిండుకున్నందుకు భయపడనక్కరలేదు. ఏది వాడదలచినా సీసాను తీసుకువెళ్లి కాన్సరు వైద్యునికి చూపించండి. కోప్పడతారేమోనని దాచడం అన్నిటికంటె ప్రమాదం.

నొప్పి మాత్రలు మరొక గండం. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటివి చీటీ లేకుండానే దొరుకుతాయి. మైలోమా రోగి మూత్రపిండాలను ఇవి కొన్ని రోజులలోనే పాడుచేయగలవు. పారాసిటమాల్ వైద్యుని సలహాతో వాడవచ్చు. అది చాలకపోతే ట్రమడాల్, మార్ఫిన్ ఉన్నాయి. మార్ఫిన్ అనగానే "అలవాటు పడతారు" అని బంధువులు అడ్డుపడటం, రోగి రాత్రంతా మూలుగుతూ ఉండటం న్యాయం కాదు. ఒకచోట కేంద్రీకృతమైన నొప్పికి రేడియేషన్ ఎంతో ఉపశమనం ఇస్తుంది.

మర్దనం విషయంలో కఠినంగా ఉండాలి. వెన్నుమీద మోకాలు పెట్టి తొక్కించడం, నడుము విరిపించడం, పంచకర్మలలోని వమన విరేచనాలు ఈ రోగికి నిషిద్ధం. మొదటివి ఎముకను విరుస్తాయి, రెండవవి నీటిని హరించి కిడ్నీని చెరుస్తాయి. గోరువెచ్చని నూనె చర్మానికి పట్టించి మెత్తగా నిమరడంలో తప్పు లేదు. చిన్న దెబ్బకే ఎముక విరిగితే నేరుగా పుత్తూరు కట్టుకు పరుగెత్తవద్దు. కట్టు కట్టేవారి నేర్పును కాదనడం లేదు, కాని విరగడానికి కారణమేమిటో కట్టు చెప్పదు. ముందు ఎక్స్‌రే, రక్తపరీక్ష జరగాలి. పశ్చిమోత్తానాసనం, హలాసనం, శీర్షాసనం మానాలి. సమతలంపై నడక, శవాసనం, తేలికపాటి ప్రాణాయామం చేయవచ్చు. నీళ్ల బిందె, గ్యాసు బండ ఎత్తరాదు. పక్కమీదనుండి లేచేటప్పుడు ఒక పక్కకు తిరిగి చేతి ఆసరాతో లేవాలి. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక గొట్టం బిగించడం పెద్ద ఖర్చు కాదు.

గృహవైద్యానికి నిజంగా పెద్ద పాత్ర ఉన్నది నీటి విషయంలోనే. గుండె జబ్బు గాని, నీరు పట్టే కిడ్నీ వ్యాధి గాని లేనివారు రోజుకు రెండున్నర, మూడు లీటర్ల ద్రవాలు తీసుకుంటే లైట్ చెయిన్లు గడ్డకట్టకుండా కొట్టుకుపోతాయి. కాచి చల్లార్చిన నీరు, బార్లీ జావ, పలుచని తాజా మజ్జిగ, పెసరకట్టు ఇందుకు అనుకూలం. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ చెడినవారు అడిగి తాగాలి. వికారానికి చిన్న అల్లం ముక్క, మలబద్ధకానికి పుష్కలంగా నీటితో ఇసబ్‌గోల్ మంచివి.

"ప్రొటీను జబ్బు" అని విని పప్పు, గుడ్డు మాన్పించే కుటుంబాలు ఉన్నాయి. ఇది పొరపాటు. రక్తంలోని ఎం-ప్రొటీను మనం తిన్న కందిపప్పు నుండి వచ్చినది కాదు. రోగికి చారన్నమే పథ్యమని పెట్టి క్షీణింపజేయకూడదు. కిడ్నీ వైద్యుడు తగ్గించమంటేనే తగ్గించాలి. పచ్చిపాలు, నిలవ ఉన్న అన్నం, బయట కోసిపెట్టిన పండ్లు మాత్రం మానాలి.

డెక్సామెథసోన్ ఉదయమే తిన్న తరువాత వేసుకోవాలి. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. అది చక్కెరను పెంచుతుంది కనుక మధుమేహులు ఆ రోజులలో తప్పక పరీక్షించుకోవాలి. లెనాలిడోమైడ్, థాలిడోమైడ్ గుళికలను విప్పరాదు, ఇంట్లోని గర్భవతులు వాటిని తాకరాదు. వీటితోపాటు రక్తం గడ్డకట్టకుండా వైద్యుడు ఇచ్చే ఆస్పిరిన్ వంటి మందును "ఇదెందుకులే" అని మానరాదు. ఎముకలకు ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం మొదలుపెట్టకముందే పుచ్చుపళ్లు తీయించుకోవాలి. తరువాత పీకిస్తే దవడ ఎముక మానకపోవచ్చు. ఒంటిమీద ఒకవైపు మంటతో పొక్కులు లేస్తే అది సర్పి. అక్కి రాయించుకుని కూర్చోకుండా మొదటి రోజే వైద్యుని చూడాలి.

మూడు సందర్భాలలో అర్ధరాత్రి అయినా ఆగకూడదు. జ్వరం నూటొక్క డిగ్రీలకు చేరడం ఒకటి. కాళ్లు మొద్దుబారి పట్టు తప్పడం, లేదా మూత్రం బిగుసుకుపోవడం రెండవది. ఇది వెన్నుపాము నలుగుతున్నదనడానికి గుర్తు, గంటలు గడిచేకొద్దీ కాళ్లు తిరిగి రావడం కష్టమవుతుంది. మూడవది మగత, తికమక మాటలు.

ఖర్చు విషయం చెప్పకపోతే ఇది అసంపూర్ణం. బోర్టెజోమిబ్, లెనాలిడోమైడ్ నేడు మన దేశంలోనే, హైదరాబాదు కర్మాగారాలలో సైతం తయారవుతున్నందున విదేశీ ధరలో చిన్న భాగానికే లభిస్తాయి. ఒకే మందుకు వేర్వేరు కంపెనీల ధరలలో ఎంతో తేడా ఉంటుంది, వైద్యునితో చెప్పి చవకైనది వ్రాయించుకోవడంలో నామోషీ అక్కరలేదు. హైదరాబాదులోని నిమ్స్, ఎం.ఎన్.జె. ఆసుపత్రులలో, విశాఖపట్నంలోని హోమీ భాభా ఆసుపత్రిలో, తిరుపతి స్విమ్స్‌లో కాన్సరు విభాగాలున్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ పథకాల కింద మీ చికిత్సలో ఏ భాగం వర్తిస్తుందో ఆసుపత్రిలోని సహాయకేంద్రంలో చేరిన రోజునే అడిగి తెలుసుకోండి. మొదటి నాటి నుండి ఎం-ప్రొటీను, క్రియాటినిన్, కాల్షియం, హిమోగ్లోబిన్ అంకెలను తేదీలతో ఒక నోటుపుస్తకంలో వరుసగా వ్రాసి ఉంచండి. వ్యాధి తిరిగి తలెత్తేటప్పుడు నొప్పికంటె ముందుగా ఈ అంకెలే కదులుతాయి.